కలిపిన లెక్క, విడదీసిన లెక్క: మన శాతాల వెనుక నూరేళ్ల చరిత్ర



ఈ గ్రూపులో భూమి గురించి, 1/70 చట్టం గురించి, జోడేఘాట్ గురించి చాలా పోస్టులు చదివాం. ఈసారి మేము రాస్తున్నది ఒక లెక్క చరిత్ర. లెక్క అనగానే పైకి జరిపేయకండి. మన బడి మంచిదా కాదా, మన ఆస్పత్రి పనికొస్తుందా లేదా, మన పిల్లలు చదువుతున్నారా లేదా అని ఇవాళ తేల్చేది ఆఫీసుల్లో తయారయ్యే శాతాలే. ఆ శాతం ఎట్లా తయారవుతుందో తెలియకపోతే, మన గురించి ఎవరేం చెప్పినా తల ఊపాల్సి వస్తుంది.

మా డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో ఇది చిన్న పాఠం. పేరు సింప్సన్ పారడాక్స్. సారు బోర్డు మీద పట్టికలు వేసి చెప్పారు, పరీక్షకి అయిదు మార్కుల ప్రశ్న అన్నారు. మేము హాస్టల్‌కి వచ్చి మన వాళ్ల లెక్కలకి దాన్ని పెట్టి చూశాం. అయిదు మార్కుల కంటే చాలా పెద్ద విషయం అనిపించింది. అందుకే అందరికీ చెప్పాలని రాస్తున్నాం.

ముందు ఒక ఊహించిన లెక్కతో మొదలుపెడదాం. ఇది ఏ బడిదీ కాదు, అర్థం కావడానికి మేము వేసిందే. రెండు బడులు ఉన్నాయి. ఒకటి కొండ మీది బడి, ఇంకోటి రోడ్డు పక్క బడి. రెండింట్లో నూరు మంది చొప్పున పరీక్ష రాశారు.

కొండ మీది బడిలో 80 మంది ఇంట్లో చదువుకున్న వాళ్లే లేని పిల్లలు. వాళ్లలో 40 మంది పాసయ్యారు, అంటే 50 శాతం. మిగిలిన 20 మంది ఉద్యోగస్తుల పిల్లలు. వాళ్లలో 18 మంది పాస్, అంటే 90 శాతం.

రోడ్డు పక్క బడిలో ఇంట్లో చదువు లేని పిల్లలు 20 మందే. 8 మంది పాస్, అంటే 40 శాతం. ఉద్యోగస్తుల పిల్లలు 80 మంది. 68 మంది పాస్, అంటే 85 శాతం.

ఇప్పుడు చూడండి. మనలాంటి పిల్లలకి కొండ మీది బడే మెరుగు, 50కి 40. ఉద్యోగస్తుల పిల్లలకీ కొండ మీది బడే మెరుగు, 90కి 85. కానీ మొత్తం కలిపితే కొండ మీది బడి ఫలితం 58 శాతం, రోడ్డు పక్క బడి ఫలితం 76 శాతం. నోటీసు బోర్డు మీద ఎక్కేది ఈ 58, 76 మాత్రమే. ఏ పిల్లవాడిని తీసుకున్నా బాగా చదివించిన బడి, మొత్తం లెక్కలో వెనకబడిన బడి అయిపోయింది. అక్కడ ఎవరూ అంకెలు మార్చలేదు. ఒక్క కూడిక కూడా తప్పు లేదు. ఎక్కువ బరువు ఎత్తుకున్న బడి కాబట్టి అలా కనిపించింది, అంతే.

ఇలా విడివిడిగా ఒక మాట, కలిపితే ఇంకో మాట రావడాన్ని మనుషులు ఎప్పటి నుంచి గమనిస్తున్నారు? ఇక్కడి నుంచి చరిత్ర.

లండన్‌లో కార్ల్ పియర్సన్ అనే ఆయన స్టాటిస్టిక్స్‌ని ఒక శాస్త్రంగా నిలబెడుతున్న రోజులవి. ఆయన దగ్గర పనిచేసిన స్కాట్లాండ్ మనిషి జార్జ్ ఉడ్నీ యూల్. 1903లో యూల్ ఒక వ్యాసంలో హెచ్చరిక లాంటిది రాశాడు. రెండు వేర్వేరు గుంపులు ఉన్నాయి, ఏ గుంపులోనూ రెండు విషయాల మధ్య సంబంధం లేదు. అయినా ఆ గుంపుల్ని కలిపితే సంబంధం ఉన్నట్టు కనిపించవచ్చు అని చూపించాడు. అంటే ఆ సంబంధం మనుషుల్లో లేదు, కలపడంలో పుట్టింది.

ఇది కాగితం మీది మాటే కాదని చూపే నిజమైన లెక్క అమెరికాది. 1910లో న్యూయార్క్, రిచ్‌మండ్ అనే రెండు నగరాల్లో క్షయతో చనిపోయిన వాళ్ల లెక్క. దీన్ని మోరిస్ కోహెన్, ఎర్నెస్ట్ నేగెల్ అనే ఇద్దరు 1934లో రాసిన తర్కశాస్త్ర పాఠ్యపుస్తకంలో పెట్టారు. క్షయ అంటే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గూడెంలో, తండాలో, పెంటలో ఆ దగ్గు వినని ఇల్లు తక్కువ.

న్యూయార్క్ జనాభా 47,66,883. క్షయతో చనిపోయింది 8,878 మంది. అంటే లక్షకి దాదాపు 186 మంది. రిచ్‌మండ్ జనాభా 1,27,628. చనిపోయింది 286 మంది. లక్షకి దాదాపు 224. కాబట్టి రిచ్‌మండ్‌లోనే క్షయ ఎక్కువ, న్యూయార్క్ మెరుగు అని ఎవరైనా అంటారు.

ఇప్పుడు అదే లెక్కని అప్పటి రికార్డులో ఉన్నట్టు తెల్లవారు, తెల్లవారు కానివారు అని విడదీయండి. తెల్లవారిలో న్యూయార్క్‌లో లక్షకి 179 మంది, రిచ్‌మండ్‌లో 162 మంది. తెల్లవారు కానివారిలో, అంటే ఎక్కువగా నల్లవారిలో, న్యూయార్క్‌లో లక్షకి 559 మంది, రిచ్‌మండ్‌లో 332 మంది. రెండు గుంపుల్లోనూ రిచ్‌మండ్‌లోనే చావులు తక్కువ. కలిపితే మాత్రం రిచ్‌మండ్‌లోనే ఎక్కువ.

ఎందుకిలా? న్యూయార్క్ మొత్తం జనంలో తెల్లవారు కానివారు నూటికి ఇద్దరు మాత్రమే. రిచ్‌మండ్‌లో నూటికి 37 మంది. క్షయ ఎక్కువగా చంపుతున్న గుంపు రిచ్‌మండ్ లెక్కలో పెద్ద భాగం, న్యూయార్క్ లెక్కలో చిటికెడు. అందుకే న్యూయార్క్ సగటు చల్లగా కనిపించింది.

ఈ కథ చెప్పే పుస్తకాలు చాలావరకు ఇక్కడితో ఆపేస్తాయి. లెక్క తిరగబడింది, భలే తమాషా అంటాయి. మేము ఇంకొంచెం ఆగి చూశాం. న్యూయార్క్‌లో నల్లవారు తెల్లవారి కంటే మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. లక్షకి 559 అంటే ఆ పట్టికలో అన్నిటికంటే ఘోరమైన అంకె. కానీ నగరం మొత్తం లెక్క 186. నూటికి ఇద్దరే ఉన్నారు కాబట్టి వాళ్ల చావులు సగటుని ఏడు అంకెలు మాత్రమే కదిలించాయి, 179 కాస్తా 186 అయింది. జనంలో తక్కువ ఉన్నవాళ్ల కష్టం మొత్తం లెక్కలో ఎట్లా మాయమవుతుందో ఇంతకంటే తేటగా చెప్పే పట్టిక మాకు కనిపించలేదు. ఎక్కడ ఎక్కువ చస్తున్నారో ఆ ఊరే మొత్తం లెక్కలో మంచి ఊరు అయింది.

ఇక సింప్సన్ విషయం. ఎడ్వర్డ్ సింప్సన్ బ్రిటన్ మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రహస్య సంకేతాలు విప్పే బ్లెచ్‌లీ పార్క్‌లో కుర్రవాడిగా పనిచేశాడు. తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో స్థిరపడ్డాడు. 1951లో ఆయన రాసిన చిన్న వ్యాసం అచ్చయింది. 1972లో కాలిన్ బ్లైత్ అనే ఆయన ఈ విషయానికి సింప్సన్ పేరు తగిలించాడు. యూల్ ముందే చెప్పినా పేరు మాత్రం సింప్సన్‌కి వచ్చింది.

సింప్సన్ వ్యాసంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. ఎప్పుడూ విడదీసిన లెక్కే నిజం అని ఆయన అనలేదు. ఒకే అంకెలతో రెండు కథలు చెప్పాడు.

మొదటి కథ మందుది. 52 మంది రోగులు. మగవాళ్లలో మందు తీసుకోని 7 మందిలో 4 మంది బతికారు, తీసుకున్న 13 మందిలో 8 మంది బతికారు. ఆడవాళ్లలో తీసుకోని 5 మందిలో ఇద్దరు, తీసుకున్న 27 మందిలో 12 మంది బతికారు. విడిగా చూస్తే మగవాళ్లకీ, ఆడవాళ్లకీ మందు కొంత పనిచేసినట్టే. కలిపితే తీసుకోని 12 మందిలో 6, తీసుకున్న 40 మందిలో 20. రెండూ సగానికి సగం. మందు వల్ల ఏమీ లేదన్నట్టు కనిపిస్తుంది. మగవాళ్లకీ మంచిదై, ఆడవాళ్లకీ మంచిదైన మందు మనుషులకి పనికిరాదంటే ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ విడదీసిన లెక్కే సరైనది.

రెండో కథ పేకముక్కలది. 52 ముక్కల కట్టతో ఒక పసిపాప ఆడుకుంది, కొన్ని ముక్కలు మురికి చేసింది. అవే అంకెలు. కానీ ఈసారి బొమ్మ ముక్కలు 12, మిగతావి 40, రెండింట్లోనూ సగం ఎరుపు, సగం నలుపు. మురికి ముక్కల్ని, శుభ్రమైన ముక్కల్ని విడదీస్తే బొమ్మకీ రంగుకీ ఏదో సంబంధం ఉన్నట్టు వస్తుంది. పేకకట్టలో అలాంటిదేమీ లేదని చిన్న పిల్లలకీ తెలుసు. ఇక్కడ కలిపిన లెక్కే సరైనది.

అంకెలు అవే, జవాబు వేరు. ఏది విడదీయాలో, ఏది కలపాలో అంకెలు చెప్పవు. ఆ అంకెల వెనుక ఏం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పాలి. మన గూడెం గురించి తెలిసినవాళ్లు ఎవరు? మనమే కదా. ఈ పాఠంలో మాకు బాగా ధైర్యం ఇచ్చిన మాట ఇదే.

తర్వాతి ఘట్టం 1973. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం. ఆ ఏడాది పై చదువులకి 8,442 మంది మగవాళ్లు, 4,321 మంది ఆడవాళ్లు దరఖాస్తు పెట్టారు. మగవాళ్లలో దాదాపు 44 శాతానికి, ఆడవాళ్లలో 35 శాతానికి సీటు దొరికింది. ఇంత తేడా ఉంటే ఆడపిల్లల మీద వివక్ష అనే అనుకుంటాం. పీటర్ బికెల్, యూజీన్ హామెల్, విలియం ఓకానెల్ అనే ముగ్గురు శాఖల వారీగా లెక్క తీశారు. 1975లో సైన్స్ పత్రికలో అచ్చు వేశారు. హామెల్ మానవశాస్త్రవేత్త కూడా.

శాఖల వారీగా చూస్తే ఆడవాళ్లకి వ్యతిరేకంగా గట్టి తేడా ఉన్నవి నాలుగే. మగవాళ్లకి వ్యతిరేకంగా ఉన్నవి ఆరు. మరి మొత్తం తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఆరు పెద్ద శాఖల లెక్క చూస్తే తెలుస్తుంది. వాటిలో సీటు సులువుగా దొరికే రెండు శాఖలకి 1,385 మంది మగవాళ్లు పెట్టుకుంటే, ఆడవాళ్లు 133 మందే. సీటు కష్టంగా దొరికే మిగతా నాలుగింటికి మగవాళ్లు 1,306 మంది, ఆడవాళ్లు 1,702 మంది. మొదటి శాఖలో మగవాళ్లకి 62 శాతం సీట్లు వస్తే ఆడవాళ్లకి 82 శాతం వచ్చాయి. చివరి శాఖలో ఇద్దరికీ ఆరేడు శాతమే. ఆడవాళ్లు ఎక్కువగా ఇరుకు ద్వారం దగ్గర నిలబడ్డారు.

ఆ ముగ్గురూ దీన్ని వలతో పోల్చి చెప్పారు. వలలో ఒక వైపు కన్నాలు పెద్దవి, ఇంకో వైపు చిన్నవి. చేపలన్నీ ఒకే సైజు. మగ చేపలన్నీ పెద్ద కన్నాల వైపు, ఆడ చేపలన్నీ చిన్న కన్నాల వైపు వెళ్తే ఏం జరుగుతుంది? వల ఎవరినీ వేరుగా చూడలేదు, అయినా ఒకరు దాటారు, ఇంకొకరు చిక్కారు. వాగులో వల వేసిన ప్రతి ఇంటికీ ఇది అర్థమవుతుంది.

చాలామంది దీన్ని చెప్పి, చూశారా వివక్ష లేదని తేలిపోయింది అంటారు. ఆ వ్యాసం రాసినవాళ్లు అక్కడితో ఆపలేదు. ఆడపిల్లల్ని చిన్నప్పటి నుంచి పెంచిన తీరు, చదివించిన తీరు వాళ్లని రద్దీ ఎక్కువ, డబ్బు తక్కువ ఉన్న చదువుల వైపు తోస్తోందని కూడా అన్నారు. అంటే వివక్ష సీటు ఇచ్చే గదిలో కనిపించకపోతే, అంతకు ముందు దారిలో వెతకాలి.

ఇది మనకి ఎంత దగ్గరి మాటో చూడండి. మనవాళ్లలో ఎంతమంది ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నారు? ఎంతమంది ఇష్టపడి ఆర్ట్స్ తీసుకున్నారు, ఎంతమంది ఎనిమిదో తరగతి నుంచి లెక్కల సారు లేక తీసుకున్నారు? సీట్ల లెక్క తీసి అందరికీ ఒకే రూలు, ఎవరికీ అన్యాయం జరగలేదు అంటే అది నిజమే కావచ్చు. కానీ ఏ కన్నం వైపు మనల్ని తోలారో ఆ లెక్కలో ఉండదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం. ఎస్టీల్లో 49.2 శాతం. పద్దెనిమిది పాయింట్ల గొయ్యి. ఎస్టీలం అప్పుడు 59 లక్షల మందిమి, మొత్తం జనంలో 7 శాతం. మేము కాలిక్యులేటర్ పెట్టి చూశాం. మనల్ని తీసేసి మిగిలినవాళ్ల లెక్క వేస్తే అక్షరాస్యత దాదాపు 68 దగ్గర ఉంటుంది. అంటే ఇంత పెద్ద గొయ్యి రాష్ట్రం మొత్తం అంకెలో ఒక పాయింటుకి కొంచెం పైన. ఎవరైనా రాష్ట్రం సగటు మాత్రమే చూస్తే మనం ఉన్నట్టే తెలియదు. న్యూయార్క్ క్షయ లెక్క ఇదే కదా.

అందుకే ఎస్టీ అని విడిగా లెక్క ఉండటం మన హక్కు. అయితే ఆ ఎస్టీ లెక్క కూడా ఒక కలిపిన లెక్కే. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

అప్పటి 59 లక్షల్లో చెంచులు దాదాపు 64 వేలు, అంటే నూటికి ఒక్కరు. రేపు చెంచు పెంటల్లో అక్షరాస్యత ఇరవై పాయింట్లు పడిపోయిందనుకోండి. ఎస్టీ సగటు కదిలేది 0.2 పాయింట్లు. ఎవరూ గమనించరు. తోటివాళ్లు, కొలాంలు, కొండరెడ్లు ఇలాంటి లెక్కలోనే ఉన్నారు. రాష్ట్రం సగటులో మనం మాయమైనట్టే, మన సగటులో వాళ్లు మాయమవుతారు.

దీన్ని గమనించినవాళ్లు లేకపోలేదు. 1940లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం రాజ్యంలో తిరిగిన హైమన్‌డార్ఫ్ తెగల్ని ఒక్క మూటగా కట్టలేదు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో వేర్వేరు పుస్తకాలు వేశాడు. నాగలి దున్నే గోండుకీ, కొండవాలులో పోడు కొట్టే కొలాంకీ అడవి రిజర్వు అయితే దెబ్బ ఒకేలా తగలదు. స్వాతంత్ర్యం వచ్చాక 1960-61లో ధేబర్ కమిషన్ కూడా తెగలన్నీ ఒకే మెట్టు మీద లేవని చెప్పింది. 1975లో 52 తెగల్ని, 1993లో ఇంకో 23ని విడిగా గుర్తించారు. అలా దేశంలో 75 అయ్యాయి. మనం ఇప్పుడు పీవీటీజీ అంటున్నది వీళ్లనే. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి అందులో ఉన్నారు. కలిపిన లెక్కలో కనిపించని వాళ్లని చూడటానికి వేసిన గీత అది.

ఈ మాట రాస్తే కొందరికి కోపం రావచ్చని మాకు తెలుసు. మన గ్రూపులో కోయ, గోండు, లంబాడీ, ఎరుకల, చెంచు అందరం ఉన్నాం. విడివిడి లెక్క అడగడం అంటే ఒకరి పళ్లెంలోది ఇంకొకరు లాక్కోవడం అని అనుకోకండి. ఏ గుంపు పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో తెలియడానికే అది. పెంటలో ఐదో తరగతి దగ్గర బడి మానేసిన పిల్లకీ, తండాలో ఇంటర్ దగ్గర మానేసిన పిల్లకీ కావాల్సిన సాయం ఒకటి కాదు. సగటు చూసి ఇద్దరికీ మధ్యలో ఏదో ఒకటి చేస్తే ఇద్దరికీ అందదు. పోరాడాల్సిన చోట అందరం కలిసి పోరాడదాం. లెక్క రాసే చోట మాత్రం ఎవరి వరుస వాళ్లకి ఉండాలి.

చివరిగా పని గురించి. ఎవరైనా మన బడి మీద, హాస్టల్ మీద, ఆస్పత్రి మీద ఒక శాతం చెప్తే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ లెక్కలో ఎవరెవరిని కలిపారు? రెండు, పోల్చిన రెండు చోట్లా అదే రకం మనుషులు అదే పాళ్లలో ఉన్నారా? మూడు, విడదీస్తే ఈ మాట నిలబడుతుందా, తిరగబడుతుందా? పెద్దాస్పత్రిలో చావులు ఎక్కువ అంటే ముందు అక్కడికి వచ్చేది ఎలాంటి రోగులో అడగండి. ఆశ్రమ పాఠశాల ఫలితం తక్కువ అంటే ముందు అక్కడ చదివేది ఎవరి పిల్లలో అడగండి. ఇది బడి తప్పుల్ని కప్పిపుచ్చడానికి కాదు. విడదీసి చూశాక కూడా మన పిల్లలే వెనక ఉంటే, అప్పుడు ఆ సార్లని గట్టిగా అడగడానికి మన దగ్గర సరైన లెక్క ఉంటుంది.

ఈసారి పది ఫలితాలు వచ్చినప్పుడు మీ మీ హాస్టళ్లలో ఒక కాగితం మీద రెండు వరుసలు రాయండి. ఇంట్లో మొదటిసారి పది రాసిన పిల్లలు ఒక వరుస, మిగతావాళ్లు ఇంకో వరుస. ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, అంతే. పేర్లు వద్దు. అన్నీ గ్రూపులో పెట్టండి. మేము ముందు కలిపి చూస్తాం, తర్వాత విడదీసి చూస్తాం, రెండు లెక్కలూ ఇక్కడే రాస్తాం. లెక్క రాకపోతే అడగండి, రాత్రి తొమ్మిది తర్వాత హాస్టల్లోనే ఉంటాం.

జోహార్.